ఎత్తు లేని లైటు

రాత్రి పదకొండున్నర. బేగంపేటలో ఒక హోటల్ బాంక్వెట్ హాలు. మర్నాడు సాయంత్రం అక్కడ కూచిపూడి నృత్యరూపకం. నా చేతిలో రంగుల ప్రింటు. ట్రస్ ఎక్కడ నిలబెట్టాలో, దాని మీద పన్నెండు లైట్లు ఏ వరుసలో రావాలో అన్నీ అందంగా గీశాను. నిచ్చెన పక్కన నిలబడ్డ లైట్ల మేస్త్రి ఆ కాగితాన్ని సెల్‌ఫోన్ వెలుగులో కాసేపు చూశాడు. తల పైకెత్తి కప్పు చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"కాయితంల మంచిగనే ఉన్నది తమ్మీ. మీద షాండ్లియర్లు ఎంత కిందికి దిగినయో సూసినవా?"

చూడలేదు. హాలు వాళ్లు పంపిన పీడీఎఫ్‌లో ఎత్తు 18 అడుగులని ఉంది. ఆ 18 కప్పు దాకా. కప్పు నుంచి వేలాడే గాజు దీపాల గుత్తుల కింద మిగిలింది 13. నేను 16 అడుగుల ఎత్తున గీసిన ట్రస్‌ను 12 దగ్గరే ఆపాల్సి వచ్చింది. పోతే పోయింది, నాలుగడుగులే కదా అనుకున్నాను.

ఆ నాలుగడుగులు ఏం చేశాయో చెబుతాను. లైటు ట్రస్ కింద ఒక అడుగు వేలాడుతుంది. అంటే నా డ్రాయింగులో లెన్సు 15 అడుగుల ఎత్తులో ఉంది. స్టేజి రెండడుగులు, దాని మీద నర్తకి ముఖం అయిదడుగులు, మొత్తం ఏడు. లెన్సుకీ ముఖానికీ ఎత్తు తేడా ఎనిమిది. ట్రస్‌ను నర్తకికి ఎనిమిదడుగుల ముందే పెట్టాను కాబట్టి వెలుగు సరిగ్గా 45 డిగ్రీల వాలులో ముఖాన్ని తాకాలి. ట్రస్ 12కి దిగేసరికి లెన్సు 11కి వచ్చింది, తేడా నాలుగయింది, దూరం మాత్రం ఎనిమిదే. వాలు 27 డిగ్రీలకు పడిపోయింది. 45లో అయిదడుగుల మనిషి నీడ వెనక అయిదడుగుల దగ్గర ఆగుతుంది. 27లో పదడుగులు పాకుతుంది. నర్తకుల వెనక ఆరడుగులకే ఫ్లెక్సు ఉంది. ఫ్లెక్సు మీద గోపురం, గోపురం కింద మెట్లు. కార్యక్రమం సాగినంతసేపూ ఆ మెట్ల మీద ఆరు తలల నీడలు విడిగా ఇంకో నాట్యం చేశాయి.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, హాలు వాళ్లదీ కాదు. వాళ్లు 18 అన్నారు, అది నిజమే. దేని నుంచి దేని దాకా 18 అని నేనే అడగలేదు.

నేను ఆటోక్యాడ్ నేర్చుకున్నది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టూ నడిస్తే ఇంటికొచ్చేసరికి చేతిలో నాలుగు కోర్సుల కరపత్రాలు ఉండే రోజులు. రెండో అంతస్తులో ఇరుకు గది, వరుసగా కంప్యూటర్లు, కమాండ్ల మీద కమాండ్లు. కోర్సు చివర పరీక్షలాగా డబుల్ బెడ్‌రూమ్ ఇంటి ప్లాన్. అది గీయగలిగితే అంతా వచ్చేసినట్టే. ఆ చదువును నేను తక్కువ చేయను. దాని పుణ్యాన ఇవాళ ఎన్ని ఇళ్లలో అన్నం ఉడుకుతోందో లెక్కలేదు. కానీ ఇంటి ప్లాన్ మనకొక చెడ్డ అలవాటు నేర్పుతుంది. ఎప్పుడూ పై నుంచే చూడటం. గోడ ఎటూ పదడుగులు లేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఎత్తును ఎవరూ పట్టించుకోరు. స్టేజి లైటు విషయంలో ప్లాన్ మీద చుక్క పెట్టడం సగం పనే. మిగతా సగం ఎత్తు. ఆ ఎత్తు ప్లాన్‌లో కనిపించదు.

ఈ అధ్యాయం మీకు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వచ్చని అనుకుని రాస్తున్నాను. రాకపోతే నేర్చుకోవడం కష్టం కాదు, నేర్పేవాళ్లు అడుగడుగునా ఉన్నారు. హాలుకు వెళ్లి ఎలా కొలవాలో నేర్పేవాళ్లే దొరకరు.

కొలతకు ఇద్దరు కావాలి. అయిదు మీటర్ల స్టీలు టేపు, ముప్పై మీటర్ల పొడుగు టేపు, సుద్దముక్క, దొరికితే లేజర్ మీటరు. ముందు స్టేజి వెడల్పు కొలిచి నడిమధ్యన సుద్దతో గీత గీయండి. ఆ గీత స్టేజి ముందు అంచును తాకే చోటే మీ సున్నా. ఇక ఏది కొలిచినా ఆ సున్నా నుంచే. గోడ నుంచి కొలవకండి, మన గోడలు మూలమట్టానికి ఉండవు. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడకండి. ప్రతి ముక్కలో అరంగుళం తేడా వచ్చినా పది ముక్కలకు అయిదంగుళాలు పోతాయి. టేపు ఒక్కసారి పరిచి, దాని మీద వచ్చిన అంకెలన్నీ వరుసగా రాసుకోండి.

తర్వాత తల పైకెత్తండి. కప్పు ఎత్తు ఒక్కటే రాసుకుంటే నాలాగే అవుతుంది. షాండ్లియర్ అడుగు, ఏసీ డక్టు అడుగు, ప్రొజెక్టరు, మంటలార్పే నీళ్ల గొట్టాలు, కిందికి దిగేవన్నీ విడివిడిగా కొలవండి. ఎక్కడున్నాయో కొలవండి, ఎంత కిందికి వచ్చాయో కొలవండి. ఫోటో తీసేటప్పుడు టేపు కూడా ఫ్రేములో పడేలా తీయండి. ఇంటికెళ్లాక ఆ ఫోటోయే సాక్ష్యం. ఫాల్స్ సీలింగుకు ఏదీ వేలాడదీయవద్దు. ప్రొఫైల్ స్పాట్ లైటు ఒక్కోటి ఏడెనిమిది కిలోలు తూగుతుంది, పన్నెండు కడితే ఒక మనిషి బరువు దాటిపోతుంది. బరువు మోసే కొక్కేలు ఏవో, ఒక్కోటి ఎంత మోస్తుందో ఆ భవనం ఇంజనీరు నోట విని రాసుకోండి. ఆయన చెప్పలేకపోతే నేల మీద నిలబడే ట్రస్సే దిక్కు.

ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చోవచ్చు. మొదటి గండం యూనిట్లు. హాలు డ్రాయింగు మిల్లీమీటర్లలో వస్తుంది, మీరు అంగుళాల్లో తెరుస్తారు, స్టేజి 25 రెట్లు పెరిగి కూర్చుంటుంది. అంత పెరిగితే ఎవరికైనా తెలిసిపోతుంది. అసలు ప్రమాదం స్కాన్ చేసిన కాగితం. అది పదిలో ఒక వంతు సాగినా కంటికి ఆనదు. స్కేల్ కమాండ్‌లో రిఫరెన్స్ ఆప్షన్ వాడి, మీరు సొంతంగా కొలిచిన స్టేజి వెడల్పుకు దాన్ని సరిపెట్టండి. సరిపెట్టాక రెండో కొలతతో పరీక్షించండి. తలుపు వెడల్పు చాలు. తలుపు కూడా సరిపోతే ఆ కాగితాన్ని నమ్మండి. మోడల్ స్పేస్‌లో ఎప్పుడూ అసలు సైజే గీయండి. చిన్నది చేయడం ప్రింటు వేసేటప్పటి పని.

లైట్లు పెట్టే ముందు వాటిని కట్టే చోట్లు, అంటే బార్‌లు, గీయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. లైటు బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి చేయి ముందు దాని మీదికే పోతుంది. బార్ లేకుండా లైటు లేదు. ప్రతి బార్‌కూ ఒక పేరు, పొడవు, సున్నా నుంచి దూరం, ఎత్తు ఇవ్వండి. ఫ్రంట్ బార్ 1, స్టేజి బార్ 1, స్టేజి బార్ 2, ఎడమ బూమ్, కుడి బూమ్ (పక్కల్లో నిలువుగా నిలబెట్టే గొట్టాలు), ఇలా. ఎడమ అంటే ఎవరి ఎడమో కూడా డ్రాయింగు మీద పెద్ద అక్షరాలతో రాయండి. నాటకం వాళ్లకు ఎడమ అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడి ఎడమ. కింద కూర్చుని ఫోకస్ చెప్పేవాడికి అది కుడి. ఈ గొడవ పడలేక మా వాళ్లు "గేటు వైపు, క్యాంటీన్ వైపు" అంటుంటారు. నన్నడిగితే అదే అన్నిటికన్నా తెలివైన పద్ధతి.

వెక్టర్‌వర్క్స్ స్పాట్‌లైట్ లాంటి రంగస్థలం సాఫ్ట్‌వేర్లలో హ్యాంగింగ్ పొజిషన్ అనే వస్తువు విడిగా ఉంటుంది. బార్‌ను అలా మార్చాక దాని మీద పెట్టిన లైట్లన్నీ తాము ఏ బార్‌వో తెలుసుకుంటాయి, బార్ ఎత్తు మారిస్తే వాటి ఎత్తూ మారుతుంది. విజివిగ్, క్యాప్చర్ అయితే వెలుగు ఎలా పడుతుందో తెర మీద చూపిస్తాయి. కొనగలిగితే కొనండి. నాకైతే చాలా ఏళ్లు మామూలు ఆటోక్యాడ్‌తోనే గడిచింది. లైటు గుర్తును బ్లాకుగా చేసుకోవాలి, దాని బేస్ పాయింటు లైటు నడిమధ్యన కాక క్లాంపు బార్‌ను పట్టుకునే చోట ఉండాలి, బ్లాకును లేయర్ సున్నా మీద తయారు చేయాలి, లైటు నంబరు, చానెల్, అడ్రసు, రంగు కాగితం, ఏ పని కోసం అన్న వివరాలను యాట్రిబ్యూట్లుగా ఇవ్వాలి. అంతే. అడ్రసు దగ్గర మాత్రం ఒక మాట. లైట్లకు ఆదేశాలు పంపడానికి 1986లో పుట్టిన డీఎంఎక్స్ 512 పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది, ఒక లైను మీద 512 చానెళ్లు. ఏడు చానెళ్ల ఎల్ఈడీ పార్‌లు కడితే అడ్రసులు 1, 8, 15, 22 అని పోతాయి. ఇది కాగితం మీదే తేల్చుకోండి, నిచ్చెన మీద కాదు.

ఇక అసలు పరీక్ష. లైట్లన్నీ పెట్టాక ఏదో ఒకదాన్ని క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పొజిషన్ జెడ్ అన్న గడిలో ఏముంది? సున్నా ఉంటే ఆ లైటు స్టేజి మీద పడుకుని ఉన్నట్టే. ప్లాన్‌లో మాత్రం బార్ మీదే ఉన్నట్టు చక్కగా కనిపిస్తుంది. మనం గీసిన బార్‌కే ఎత్తు ఇవ్వలేదు, దాని మీద స్నాప్ అయిన లైటుకు ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? నా మొదటి డ్రాయింగులన్నీ ఇలాంటివే. డేటా ఎక్స్‌ట్రాక్షన్‌తో లైట్ల పట్టిక తీసేటప్పుడు జెడ్ గడిని కూడా చేర్చండి. ఆ నిలువు వరుసలో సున్నాలు కనిపిస్తే ప్రింటు వేయకుండా వెనక్కి వెళ్లండి.

ప్లాన్ పక్కన పెట్టి, స్టేజిని పక్క నుంచి నిలువునా కోసినట్టు ఒక సెక్షన్ గీయండి. ఒక్క గంట పని. స్టేజి నేలకు అయిదడుగుల పైన చుక్కల గీత ఒకటి లాగండి, అది ముఖాల ఎత్తు. ఇక వెలుగు లెక్కలన్నీ ఆ గీత మీదే, నేల మీద కాదు. ఎందుకంటారా? ముందు నుంచి వచ్చే వెలుగు స్టేజి మీద గుండ్రంగా పడిందనుకోండి. ఆ గుండ్రం వెనక అంచు మీద నటుడు నిలబడితే పాదాలు వెలుగుతాయి, తల చీకట్లో ఉంటుంది. వెలుగు పై అంచు వాలుగా దిగి నేలను తాకేది అక్కడే, తల దానికి పైన ఉండిపోతుంది. ప్లాన్‌లో నేల మీద వృత్తాలు గీసి "అంతా కవర్ అయింది" అనుకునేవాళ్లకు రిహార్సల్లో తలలేని నటులు కనిపిస్తారు.

45 డిగ్రీల మాట నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో తెచ్చిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. ప్రతి చోటుకీ ఆ పక్క నుంచి ఒకటి, ఈ పక్క నుంచి ఒకటి, రెండూ 45 డిగ్రీల వాలులో, ఒకటి కాస్త పసుపు, ఒకటి కాస్త నీలం. లెక్క తేలిక. 45 కావాలంటే ఎత్తు తేడా ఎంతో ముందుకు దూరం అంతే. లెన్సు స్టేజికి 20 అడుగుల ఎత్తులో ఉంటే ముఖానికి తేడా 15, బార్ కూడా 15 అడుగుల ముందుండాలి. అప్పుడు వాలుగా వెలుగు నడిచే దూరం 21 అడుగులు. దాన్ని 26 డిగ్రీల ప్రొఫైల్ అయితే 0.46తో, 36 డిగ్రీలదైతే 0.65తో గుణించండి. మొదటిది పదడుగులకు కాస్త తక్కువ, రెండోది పధ్నాలుగుకు కాస్త తక్కువ. అంత వెడల్పున వెలుగు పడుతుంది. నలభై అడుగుల స్టేజికి ఎన్ని లైట్లు కావాలో, అంచులు ఒకదాని మీద ఒకటి ఎంత ఎక్కాలో ఇక మీరే తేల్చుకోగలరు.

కానీ 45ను వేదంలా పట్టుకోవద్దు. మన పద్యనాటకంలో కృష్ణుడికీ దుర్యోధనుడికీ కిరీటాలు ఉంటాయి. పై నుంచి వచ్చే వెలుగుకు కిరీటం ఎండలో టోపీ అంచులా అడ్డుపడుతుంది. 60 డిగ్రీలు దాటితే కిరీటం లేకపోయినా కళ్లు గుంటల్లోకి పోతాయి. పౌరాణికానికి నేనైతే 40 దగ్గరికి దించుతాను. మరీ దించితే నీడ వెళ్లి తెర మీద పడుతుంది. సురభి నాటకం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల నాటకానికి ప్రాణం రంగులు వేసిన తెరలు. మాయాబజార్‌లో ద్వారక తెర మీద ఘటోత్కచుడి నీడ పడిందంటే ఆ ద్వారక ద్వారక కాదు, గుడ్డ. అందుకే సెక్షన్‌లో తెరను కూడా గీయండి. నటుడు ఎక్కడిదాకా వెనక్కి వెళ్తాడో డైరెక్టరును అడిగి అక్కడ మనిషి బొమ్మ నిలబెట్టండి. లెన్సు నుంచి అతని తల మీదుగా ఒక గీత లాగండి. అది నేలను ముందు తాకుతుందా, తెరను ముందు తాకుతుందా అన్నది చూస్తే చాలు.

కంప్యూటరు తెర మీద త్రీడీలో వెలుగు పడినట్టు వచ్చే బొమ్మల గురించి నాకు కొంచెం అనుమానం. క్లయింటుకు చూపించడానికి బాగుంటాయి, అడ్వాన్సు కూడా తొందరగా వస్తుంది. అయితే తప్పు ఎత్తు ఇచ్చినా అవి అంతే అందంగా వస్తాయి. ఆటోక్యాడ్ పుట్టింది 1982లో. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే, 1959లో, కలకత్తా మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకానికి లైటింగ్ డిజైనర్ తాపస్ సేన్ బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చినట్టు వెలుగుతోనే చూపించారు. ఏ లైటు ఎక్కడ, ఎంత ఎత్తులో ఉండాలో ఆయనకు తెలుసు, అంతే.

ఈ వారం ఒక పని చేయండి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటగానే లక్డీకాపూల్. దిగి కాస్త నడిస్తే రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతి సంవత్సరం 1961లో కట్టిన హాలు. చాలా కార్యక్రమాలకు టికెట్టు ఉండదు. వెళ్లి కూర్చుని ఒక పావుగంట స్టేజి వైపు కాకుండా పైకీ పక్కలకీ చూడండి. ఏ లైటు ఎవరి ముఖం మీదికి వస్తోందో వెతకండి. ఇంటికొచ్చి చూసింది చూసినట్టు ఒక సెక్షన్ గీయండి, అంకెలు తప్పినా ఫరవాలేదు. పక్క సీటాయన మిమ్మల్ని అదోలా చూస్తాడు, దానికి మాత్రం నా బాధ్యత లేదు.

చివరిగా కాగితం. మీ డ్రాయింగు నిచ్చెన మీది మనిషి కోసం. ఆయనకు రంగులు అక్కర్లేదు, లేయర్లు అక్కర్లేదు. ఏ3 కాగితం మీద 1:50 స్కేలులో నలభై అడుగుల స్టేజి పాతిక సెంటీమీటర్ల లోపు వస్తుంది, పక్కన పట్టికకు చోటు మిగులుతుంది. తెల్ల కాగితం మీద నల్ల గీతలు, అడుగులు అంగుళాలు, నడి గీత నుంచి ఒక్కో లైటుకు దూరం. ప్రింటు వేశాక గదిలో లైటార్పి, సెల్‌ఫోన్ వెలుగులో చేయి చాచి చదివి చూడండి. చదవలేకపోతే అక్షరం పెంచండి. ట్రస్ పైకి లేపక ముందే, అది నేల మీద ఉండగానే, తెల్ల టేపు ముక్కల మీద లైట్ల నంబర్లు రాసి వాటి వాటి చోట్ల అంటించేయమనండి. నేల మీద ఆ పని పది నిమిషాలు, పైన గంట.

ఏడాది తర్వాత అదే మేస్త్రితో మళ్లీ బేగంపేటలోనే, ఇంకో హాలు. ఈసారి వారం ముందే వెళ్లి ఇద్దరం కలిసి కొలిచాం. షాండ్లియర్లు, డక్టులు అన్నీ రాశాను. సెక్షన్ గీశాను. జెడ్ గడిలో ఒక్క సున్నా లేదు. ట్రస్ ఎత్తు 12 అడుగులని కాగితం మీద లావు అక్షరాలతో పెట్టాను. రాత్రి ఆయన దాన్ని నిచ్చెన మెట్టు మీద పరిచి, వేలితో ఆ 12 మీద కొట్టాడు.

"పన్నెండు అంటే ఏడికెళ్లి తమ్మీ? కిందికెళ్లా, స్టేజి మీదికెళ్లా?"

నా సాఫ్ట్‌వేర్‌లో సున్నా స్టేజి నేల. ఆయన ట్రస్ నిలబడేది హాలు నేల మీద. మధ్యలో స్టేజి ఎత్తు రెండడుగులు. నేనేదో చెప్పబోయేలోగా ఆయన చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, 12 పక్కన 14 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.